లేజర్ డ్యామేజ్ 1-ఆన్-1 టెస్ట్: రెండు స్పాట్ సైజులకు ఒకే డిఫెక్ట్ మోడల్ కుదరడం లేదు

హాఫ్నియా-సిలికా మిర్రర్ కోటింగ్‌పై 1064 నానోమీటర్లు, 10 నానోసెకన్ల పల్స్‌తో 1-ఆన్-1 టెస్ట్ (ఒక్కో సైట్‌పై ఒకే షాట్) చేస్తున్నాను. గాసియన్ బీమ్, ఒక్కో ఫ్లూయెన్స్‌కు (చ.సెం.మీ.పై పడే ఎనర్జీ) 40 సైట్లు, ఎనర్జీ హెచ్చుతగ్గులు 3 శాతం లోపే. ప్రతి సైట్‌నూ షాట్‌కు ముందూ తర్వాతా నొమార్‌స్కీ మైక్రోస్కోప్‌లో చూస్తున్నాను.

1/ఇ² వ్యాసం (తీవ్రత పీక్‌లో సుమారు 13.5 శాతానికి తగ్గే చోట కొలిచిన వ్యాసం) 400 మైక్రాన్లున్న స్పాట్ డేటాకు ఒకే థ్రెషోల్డ్ ఉండే డిఫెక్ట్ మోడల్ (బీమ్‌లో ఫ్లూయెన్స్ థ్రెషోల్డ్ దాటిన భాగంలో డిఫెక్ట్ ఉంటే డ్యామేజ్ అనే మోడల్) చక్కగా సరిపోతోంది: పీక్ ఫ్లూయెన్స్‌లో థ్రెషోల్డ్ చ.సెం.మీ.కు 8 జౌల్స్, డిఫెక్టులు చ.సెం.మీ.కు 1600. చిక్కంతా 60 మైక్రాన్ల స్పాట్‌తోనే. అవే విలువలు వేస్తే చ.సెం.మీ.కు 40 జౌల్స్ దగ్గర డ్యామేజ్ సంభావ్యత 4 శాతం కూడా దాటకూడదు. కొలిస్తే 40లో 21 సైట్లు దెబ్బతిన్నాయి. స్పాట్ వ్యాసం మళ్లీ కొలిచాను, తేడా లేదు.

డ్యామేజ్ సంభావ్యత గ్రాఫ్‌లో సరళరేఖను సున్నా దాకా పొడిగించి థ్రెషోల్డ్ తీసే పద్ధతి పక్కన పెట్టేశాను. స్పాట్ మారితే థ్రెషోల్డూ మారిపోతోంది, దాన్ని పదార్థ గుణంగా చెప్పలేం. బైనామియల్ లైక్లీహుడ్‌తో రెండు డేటాలనూ కలిపి, థ్రెషోల్డ్‌లకు గాసియన్ వ్యాప్తి ఇచ్చి ఫిట్ చేస్తే సాంద్రత, వ్యాప్తి ఒకదాన్నొకటి భర్తీ చేసుకుంటున్నాయి, ప్రొఫైల్ లైక్లీహుడ్ చదునుగా వస్తోంది, అంటే డేటా ఏ ఒక్క విలువనూ తేల్చడం లేదు. రెండు రకాల డిఫెక్టులు పెట్టినా అంతే.

శాంపిల్‌పై ఇంకో 400 సైట్లకే చోటుంది. డిఫెక్టులు రెండు రకాలా, ఒకే విశాలమైన పంపిణీయా అన్నది తేల్చడానికి వాటిని 150 మైక్రాన్ల స్పాట్‌కు వాడాలా, లేక 400 మైక్రాన్ల స్పాట్‌తోనే 8 జౌల్స్ చుట్టుపక్కల సైట్లు పెంచాలా?