మా అక్క కొడుక్కి రిమోట్ హెలికాప్టర్, ఏది కొనాలి?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. వచ్చే ఆదివారం మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు నిండుతాయి. మళ్లీ రిమోట్ హెలికాప్టరే కావాలంటున్నాడు. నా బడ్జెట్ 1,500, మహా అయితే 2,000 రూపాయలు.

పోయిన దసరాకి చౌరస్తా దగ్గర ఒక షాపులో 600కి ఒకటి కొన్నాను. రెండు ఛానెళ్లది, అంటే రిమోట్‌తో రెండు రకాల కదలికలే నడపగలం. పైకి లేచేది, పక్కకు తిరిగేది, ముందుకు మాత్రం మన చెప్పుచేతల్లో ఉండేది కాదు. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ కదా, డాబా మీద ఎండలో సిగ్నలే అందలేదు. రెండో రోజే తోక రెక్క విరిగింది. పిల్లాడి ముఖం చూడలేకపోయాను.

ఈసారి గైరో (గాల్లో నిలకడగా ఉంచే పరికరం) ఉన్న 3.5 ఛానెళ్లది, అంటే ముందుకూ వెనక్కూ కూడా నడిపేది, ఎండలోనూ పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రిమోట్‌తో చూస్తున్నాను. ఈ డబ్బుకి మంచిది వస్తుందా? స్పేర్ రెక్కలు, బ్యాటరీ వరంగల్‌లో ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో అయితే శనివారంలోపు రావాలి, అదే టెన్షన్. వాడినవాళ్లు దయచేసి చెప్పండి.