పాత చెక్కపట్టీల వైరింగుకు ఎంసీబీలు బిగిస్తే సరిపోతుందా?

ప్రశ్న: నమస్కారం. అమలాపురం దగ్గర మా తాతగారు కట్టించిన పెంకుటింట్లో 1970ల నాటి చెక్కపట్టీల వైరింగే ఉంది. అమ్మానాన్నల కోసం ఏసీ, గీజరు పెట్టించబోతూ పింగాణీ ఫ్యూజులు తీయించి 32 ఆంపియర్ల ఎంసీబీలు (కరెంటు మోతాదు మించితే వాటంతటవే పడిపోయి సరఫరా ఆపే స్విచ్చులు) వేయించాము. ఇక భయం లేదని ఎలక్ట్రీషియన్ గారు అన్నారు. కాని వాన పడిన రోజుల్లో పెరటి కుళాయి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. వైరింగు మార్చక తప్పదా?

జవాబు: ముందు కుళాయి సంగతి చూడండి, వైరింగు మాట తరువాత. మోటారులోనో, తడిసిన గోడ మీది తీగలోనో కరెంటు లీకవుతూ ఉండాలి. ఆ కాలంలో ఎర్త్ గొయ్యి తవ్వకుండా కుళాయి గొట్టానికే ఎర్త్ తీగ చుట్టిన ఇళ్లు ఉన్నాయి. మీదీ అలాంటిదే అయితే లీకైన కరెంటు నేరుగా ఆ కుళాయికే చేరుతుంది. పరీక్ష జరిగేవరకు దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని అమ్మగారికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.

ఎంసీబీ తీగను కాపాడడానికే గాని, షాకు నుంచి మనిషిని కాపాడడానికి కాదు. మీ ఇంట్లో అది తీగనూ కాపాడలేదు. అప్పటి లైన్లలో తరచు కనిపించే 1.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ మోయగలిగేది దాదాపు 10 ఆంపియర్లు. 2000 వాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. దానికి ఏసీ తోడైతే, ఏళ్ల తరబడి పెళుసుబారిన తొడుగు లోపల తీగ కాగిపోతూ, దాని కింద ఎండిన చెక్క ఉన్నా, 32 ఆంపియర్ల ఎంసీబీ మాత్రం పడదు. సరైన ఫ్యూజు తీగ ఉన్నంతకాలం మీ ఇల్లు ఇప్పటికంటే భద్రంగా ఉండేదని నా అభిప్రాయం.

కనుక పాత లైన్లకు 6 ఆంపియర్ల ఎంసీబీలు వేయించి, ఏసీకి 4, గీజరుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను ఎర్త్‌తో సహా బోర్డు నుంచి విడివిడిగా లాగించండి. కొత్త ఎర్త్ గొయ్యి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే పడిపోయి సరఫరా ఆపే స్విచ్చు) తప్పనిసరి. పాత లైన్లలో తీగ తొడుగు కరెంటును ఎంతవరకు ఆపుతోందో 500 వోల్టుల మెగ్గర్‌తో కొలిపించి, 1 మెగోమ్‌ కన్నా తక్కువ చూపినవన్నీ మార్పించండి.

ప్రశ్న: ధన్యవాదాలండీ. మా అన్నయ్య ఇంట్లో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని తీసేశారు. మాకూ అలాగే అవుతుందా?

జవాబు: కావచ్చు, అయినా తీయించవద్దు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రానప్పుడే అది పడుతుంది. నిజంగా లీకేజీ ఉండవచ్చు, లేదా ఎప్పుడో ఎవరో ఏదో బోర్డులో న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపి ఉండవచ్చు. ఒక్కొక్క లైనును, దాని న్యూట్రల్‌తో సహా, బోర్డు దగ్గర విప్పి చూస్తే తప్పు ఎందులో ఉందో తెలుస్తుంది. ఆ పని లైసెన్సు ఉన్నవారి చేతనే చేయించండి.