ఏసీఎల్ ఆపరేషన్ అయి ఐదు నెలలు, నొప్పి లేదు. ఆడొచ్చా?

ప్రశ్న:
వాలీబాల్ ఆడతాను. బ్లాక్‌కి ఎగిరి దిగేటప్పుడు ఎడమ మోకాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్) తెగింది. తొడ వెనక హామ్‌స్ట్రింగ్ నుంచి గ్రాఫ్ట్ (స్నాయువు ముక్క) తీసి దాని చోట అమర్చారు. ఐదు నెలలైంది. నొప్పి, వాపు లేవు, తిన్నగా పరిగెడుతున్నాను కూడా. వచ్చే నెల టోర్నమెంట్. ఒక్క సెట్ అయినా ఆడమంటున్నారు జట్టువాళ్లు. నాకూ ఆగాలని లేదు. ఇంత తొందరగా దిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జవాబు:
నేను దిగాను తమ్ముడూ. నాది బ్యాడ్మింటన్. ఆరో నెలలో కోర్టుకెళ్లాను, నొప్పి లేదన్న ధీమాతో. రెండో వారం వెనక్కెళ్లి ఎగిరి స్మాష్ కొట్టి దిగానో లేదో, టప్‌మని శబ్దం. ఆ శబ్దం నీకూ తెలుసు. గ్రాఫ్ట్ తెగింది. మళ్లీ ఆపరేషన్, మళ్లీ మోకాలు పూర్తిగా చాపడం దగ్గర్నుంచి మొదలు.

నొప్పి పోవడం వేరు, గ్రాఫ్ట్ గట్టిపడటం వేరు. వేసిన కొత్తలో దానికి రక్తప్రసరణ ఉండదు. ఒళ్లు దాన్ని తనదిగా మార్చుకునే క్రమంలో మొదటి నెలల్లో అది ఇంకా బలహీనపడి, ఆ తర్వాతే మెల్లగా పుంజుకుంటుంది. ఏడాది దాటినా ఆ పని సాగుతూనే ఉంటుంది. 2016లో వచ్చిన డెలావేర్-ఓస్లో అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఆగిన ఒక్కో నెలకీ మళ్లీ గాయపడటం దాదాపు సగం చొప్పున తగ్గింది. ఇది మొదటిసారే తెలిసుంటే నా మోకాలు రెండోసారి కోయించుకునేదాన్ని కాదు.

క్వాడ్స్ (తొడ ముందు కండరాలు) బలం మెషీన్ మీద కొలిపించావా? మంచి కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి. ఒంటికాలి గెంతు పరీక్షల్లోనూ అంతే. రెండోసారి నాకు అక్కడికి చేరడానికి పదకొండు నెలలు పట్టింది.

ఇంకో జవాబు:
నెదర్లాండ్స్ ఫుట్‌బాలర్ వాన్ డైక్ సంగతి గుర్తుందా? 2020 అక్టోబరులో తనకీ ఏసీఎల్ గాయమే. 2021 వేసవిలో యూరో ఫుట్‌బాల్ టోర్నీ, దేశానికి కెప్టెన్ తనే. అయినా ఆడనని చెప్పేశాడు. ఆగస్టులో తన క్లబ్ లివర్‌పూల్‌కి లీగ్ మ్యాచ్‌లో దిగాడు.

అడిగినవారు:
నిన్న కొలిపించాను అక్కా. 68 శాతం వచ్చింది. పేరు తీసేయమని కోచ్‌కి చెప్పేశాను. ఒక్క మాట, ఎడమ కాలి మీద దిగాలంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

జవాబు:
ఆ దడ దాచుకోకు, ఫిజియోకి చెప్పు. దానికీ ప్రశ్నావళి ఉంది, బలంతో పాటు అదీ చూస్తారు. నాతో ముందు చిన్న మెట్టు మీంచి రెండు కాళ్లతో చప్పుడు రాకుండా దిగడం చేయించారు. ఒంటికాలికి వచ్చేసరికి ఏడు వారాలు.