ఫ్రీమన్ అట్లాంటాను వదిలాడా, అట్లాంటాయే ఫ్రీమన్‌ను వదులుకుందా?

ప్రశ్న: ఆల్ఫరెటా నాన్న

అందరికీ నమస్కారం. మా అట్లాంటా బేస్‌బాల్ జట్టు బ్రేవ్స్‌లో పిచ్చర్ (బంతి విసిరేవాడు) అయిన మాక్స్ ఫ్రీడ్ ఎనిమిదేళ్లకు 218 మిలియన్ డాలర్ల ఒప్పందంతో న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్తున్నాడని ఈ 2024 డిసెంబరులో వార్త వచ్చినప్పటి నుంచి, మానిపోయిందనుకున్న గాయం మా ఇంట్లో మళ్లీ రేగింది. నిజానికి ఆ గాయం ఫ్రీడ్ వల్ల అయినది కాదు, అదే జట్టులో ఫస్ట్ బేస్ దగ్గర ఆడిన ఫ్రెడీ ఫ్రీమన్ వల్ల అయినది.

మా అబ్బాయికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. 2021 నవంబరు 2వ తేదీ రాత్రి వాడికి పదకొండు. మర్నాడు బడి ఉన్నా పడుకోమని నేను చెప్పలేదు. హ్యూస్టన్‌లో వరల్డ్ సిరీస్ (లీగ్ కప్పు తేల్చే చివరి పోరు) ఆరో ఆట చివరి బంతిని డాన్స్‌బీ స్వాన్సన్ అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరాడు, ఫ్రీమన్ పట్టాడు, అంతే, 1995 తరువాత బ్రేవ్స్‌కు మళ్లీ వరల్డ్ సిరీస్ దక్కింది. మావాడు ఐదో నంబరు జెర్సీతోనే సోఫాలో నిద్రపోయాడు. అప్పటికి ఫ్రీమన్ మా జట్టులో పన్నెండు సీజన్లు ఆడాడు, 2020లో నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు, అట్లాంటాలోనే రిటైర్ అవుతాడని ఇక్కడ అందరం అనుకున్నాం. నాలుగున్నర నెలలు తిరగకుండానే ఆరేళ్లకు 162 మిలియన్ డాలర్లకు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు వెళ్లిపోయాడు.

ఆ జెర్సీని మావాడు అలమారలో అడుగున పడేశాడు. "డబ్బు కోసం పోయినవాడి గురించి మాట్లాడకు నాన్నా" అనడం వాడికి అలవాటైంది. అయితే ఈ అక్టోబరులో ఫ్రీమన్ యాంకీస్ మీద గ్రాండ్ స్లామ్ (బేసులన్నీ నిండి ఉండగా బంతిని మైదానం దాటించే హోమ్ రన్) కొట్టిన మర్నాడు అర్ధరాత్రి మంచినీళ్లకు లేచి చూస్తే, వాడు దుప్పటి కింద ఫోన్‌లో ధ్వని తగ్గించుకుని ఆ దృశ్యాన్నే మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. నన్ను చూసి ఫోన్ బోర్లించాడు.

మీలో ఈ ఆటను చాలా కాలంగా చూస్తున్నవారిని అడుగుతున్నాను. స్వాన్సన్ చికాగోకు పోయాడు, ఇప్పుడు ఫ్రీడ్ పోయాడు; వాటికి నొచ్చుకున్నాం గానీ ఇంతగా కాదు. ఫ్రీమన్ విషయంలో తప్పు ఎవరిది? పిల్లవాడికి ఏమని చెప్పాలి?

జవాబు: లెక్కల మాస్టారు

తప్పు ఎవరిదీ కాదండీ. నా మాట మీకు రుచించకపోవచ్చు గానీ, అంకెలు దగ్గర పెట్టుకుని చూడండి.

2022 వసంతంలో ఫ్రీమన్‌కు ముప్పై రెండు నిండి ఆరు నెలలయింది. ఆరేళ్ల ఒప్పందం ఇస్తే అతనికి ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా జీతం కట్టాలి. పత్రికల్లో వచ్చిన కథనాల ప్రకారం బ్రేవ్స్ ఐదేళ్లకు 140 మిలియన్ల దాకా ఇవ్వజూపారు. సంవత్సరానికి లెక్కిస్తే అది 28 మిలియన్లు. డాడ్జర్స్ ఇచ్చింది సంవత్సరానికి 27, అందులోనూ కొంత తరువాతి ఏళ్లకు వాయిదా వేసి చెల్లించేది. అంటే గొడవంతా ఆ ఆరో సంవత్సరం మీదనే. పైగా కాలిఫోర్నియాలో పెద్ద ఆదాయాల మీద రాష్ట్ర పన్ను 13.3 శాతం, జార్జియాలో అప్పట్లో 5.75. డబ్బే ముఖ్యమనుకున్న మనిషి చేయవలసిన బేరం ఇది కాదని మీ అబ్బాయికి చెప్పవచ్చు.

ఇక బ్రేవ్స్ వైపు చూడండి. జనరల్ మేనేజర్ అలెక్స్ ఆంథోపౌలస్ నలుగురు కుర్ర ఆటగాళ్లను ఓక్‌లాండ్‌కు ఇచ్చి, ఇరవై ఎనిమిదేళ్లు నిండబోతున్న ఫస్ట్ బేస్ ఆటగాడు మ్యాట్ ఓల్సన్‌ను తెచ్చుకున్నాడు; మర్నాడే అతనితో ఎనిమిదేళ్లకు 168 మిలియన్ల ఒప్పందం కుదిరింది. సంవత్సరానికి 21. ఆ ఓల్సన్ పరాయివాడేమీ కాదు, మన గ్విన్నెట్ కౌంటీలోని లిల్బర్న్ దగ్గర పార్క్‌వ్యూ హైస్కూలులో చదివినవాడు. 2023లో 54 హోమ్ రన్లు కొట్టి, 2005 నుంచి ఆండ్రూ జోన్స్ పేరు మీద ఉన్న 51 హోమ్ రన్ల జట్టు రికార్డును దాటాడు. ఏ మేనేజర్ అయినా ఇంతకన్నా ఏం చేస్తాడు?

జవాబు: టర్నర్ ఫీల్డ్ నాటి సీటు

మాస్టారు గారూ, మీ కూడికల్లో పొరపాటు లేదు. తేదీలు మాత్రం వదిలేశారు, కథంతా ఆ తేదీల్లోనే ఉంది.

2021 డిసెంబరు 2 నుంచి 2022 మార్చి 10 వరకు, తొంభై తొమ్మిది రోజులు, లీగ్ యాజమాన్యాలు లాకౌట్ ప్రకటించాయి. ఆ రోజుల్లో క్లబ్బులు ఆటగాళ్లతో ఒప్పందాల మాటే ఎత్తకూడదు. అంటే కప్పు గెలిచిన ఊరేగింపు పూర్తయిన కొద్ది వారాలకే, ఎంతో చనువుగా కూర్చుని తేల్చుకోవలసిన మాటకు తాళం పడింది. తాళం తీసిన నాలుగో రోజు, మార్చి 14న, ఓల్సన్ వచ్చేశాడు. ఫ్రీమన్ ఇంకా ఎవరితోనూ సంతకం పెట్టలేదు. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడేది ఒక్కడే గనుక, ఆ రోజుతో అతనికి అట్లాంటాలో చోటు లేకుండా పోయింది. అతను డాడ్జర్స్‌కు సరేనన్నది మరో రెండు రోజులకు. కాబట్టి "వదిలి వెళ్లాడు" అని వాడుతున్న ఆ క్రియాపదాన్ని మీరందరూ ఒకసారి సరిచూసుకోండి. తలుపు ముందు మూసింది లోపలివాళ్లే.

మూసినవాళ్లకు బాధ లేదని నేను అనడం లేదు. ఓల్సన్ మార్పిడి గురించి విలేకరులతో మాట్లాడుతూ ఆంథోపౌలస్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, మనమంతా చూశాం. కానీ బాధపడుతూ చేసినా అది తను చేసిన పనే కదా.

ఆ జూన్ 24న మన బ్రేవ్స్ మైదానం ట్రూయిస్ట్ పార్క్‌లో నేను ఉన్నాను. డాడ్జర్స్ నీలం తొడుక్కుని ఫ్రీమన్ మొదటిసారి వచ్చాడు. ఆట మొదలవక ముందే విలేకరుల దగ్గర మాట పెగలక ఆగిపోయాడని ఫోన్‌లో చదువుతూ లోపలికి వెళ్లాం. మేనేజర్ బ్రయన్ స్నిట్కర్ అతనికి, కప్పు గెలిచిన ఆటగాళ్లకు ఇచ్చే వరల్డ్ సిరీస్ ఉంగరం అందించాడు. ఫ్రీమన్ హెల్మెట్ తీసి నాలుగు వైపులకూ చూపిస్తూ, చేతిపట్టీతో కళ్లు తుడుచుకుంటూ ఉంటే, మా వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన చప్పట్లు కొట్టడం మాని టోపీని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్కడ ఎగతాళి చేసినవారు నాకు కనిపించలేదు. డాడ్జర్స్ అభిమానులకు ఇది నచ్చి ఉండదని అప్పుడే అనుకున్నాను. మా దగ్గర చేరి మూడు నెలలైనా ఇంకా పుట్టింటి కోసమే ఏడుస్తున్నాడేమిటని వాళ్లకు అనిపించడం సహజం. కొద్ది రోజులకే అతను తన ఏజెంట్లను మార్చేశాడు. బేరం ఎక్కడ బెడిసిందో బయటివాళ్లం తేల్చలేం, ఆ గదిలో మనం లేము.

స్వాన్సన్, ఫ్రీడ్ విషయంలో ఇంత నొప్పి ఎందుకు లేదంటారా? వాళ్లు వెళ్తారని ముందే లోపల ఎక్కడో తెలుసు గనుక. ఏడేళ్లకు 177 మిలియన్లు చికాగో ఇస్తుంటే బ్రేవ్స్ అంత దూరం రారని స్వాన్సన్ అభిమానులకు అర్థమైపోయింది. ఫ్రీమన్ గురించి మాత్రం అలాంటి అనుమానమే మనకు రాలేదు.

జవాబు: ఉప్పల్ గ్యాలరీ

నేను హైదరాబాదు నుంచి రాస్తున్నాను. బేస్‌బాల్ నాకు మా అన్నయ్య పుణ్యమా అని పదేళ్లుగా పరిచయం. మీరు చెబుతున్న 2022 వసంతం మాకు కూడా గుర్తే. ఆ ఫిబ్రవరి వేలంలోనే డేవిడ్ వార్నర్‌ను ఢిల్లీ 6.25 కోట్లకు కొనుక్కుంది. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్‌ను 2021 సీజన్ నడుస్తుండగా కెప్టెన్సీ నుంచి తప్పించారు, ఆ తరువాత జట్టులోంచి కూడా తీసేశారు. ఆ మే నెలలో అతను మా మీదనే 92 నాటౌట్ కొడితే, మా జట్టు ఓడుతున్నా ఇంట్లో సంతోషించినవాళ్లు ఉన్నారు.

ఒక తేడా ఉంది. ఐపీఎల్ వేలంలో ఆటగాడు ఊరు ఎంచుకోడు, ఊరే అతన్ని కొంటుంది. అందుకని మేము యాజమాన్యాన్నే తిట్టుకున్నాం, వార్నర్‌ను ఒక్క మాట అనలేదు. ఫ్రీ ఏజెంట్ (పాత ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగల ఆటగాడు) అయితే స్వయంగా ఎంచుకుని సంతకం పెడతాడు కాబట్టి, నింద కూడా అతని సంతకం మీదకే పోతుంది. మీ అబ్బాయి కోపం అక్కడ పుట్టిందేమో.

జవాబు: ఆరెంజ్ కౌంటీ తెలుగువాడు

అవతలి పక్షం వాడిని, డాడ్జర్స్ అభిమానిని, కొట్టకండి. ఫ్రీమన్ మా జిల్లావాడే. ఆరెంజ్ నగరంలోని ఎల్ మొడీనా హైస్కూలులో ఆడాడు. పదేళ్ల వయసులో తల్లిని చర్మ క్యాన్సర్‌కు పోగొట్టుకున్నాడు, ఆమె జ్ఞాపకంగానే ఎంత ఎండలోనైనా పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఆడతాడు. చిన్నప్పుడు రోజూ బంతులు వేసి ఆట నేర్పింది తండ్రి.

ఈ అక్టోబరు 25న యాంకీస్‌తో వరల్డ్ సిరీస్ మొదటి ఆట పదో ఇన్నింగ్స్‌లో, ఇద్దరు అవుటై, మేము 3-2తో వెనకబడి ఉండగా, బెణికిన చీలమండతో కుంటుతూ వచ్చి యాంకీస్ పిచ్చర్ నెస్టర్ కోర్టెజ్ వేసిన మొదటి బంతినే స్టాండ్‌లోకి పంపాడు. వరల్డ్ సిరీస్ చరిత్రలో ఆటను అక్కడికక్కడే ముగించిన గ్రాండ్ స్లామ్ అదొక్కటే. బేసులు చుట్టి రాగానే అతను పరుగెత్తింది వలకు అవతల నిలబడ్డ తండ్రి దగ్గరికి. వలలోంచి వేళ్లు పట్టుకుని ఇద్దరూ అరుస్తున్నారు. అది చూశాక, అట్లాంటా వారికి ఏం చెప్పాలో తెలియక, అక్కడ ఉన్న మా బావమరిదికి ఆ రాత్రి ఫోన్ చేయడం మానేశాను.

ఒక సంగతి మీ అబ్బాయికి చెప్పండి. ఈ సిరీస్ మొదటి నాలుగు ఆటల్లోనూ ఫ్రీమన్ హోమ్ రన్ కొట్టాడు. వరల్డ్ సిరీస్‌లో వరుసగా ఆరు ఆటల్లో హోమ్ రన్ కొట్టిన రికార్డు ఇప్పుడు అతనిదే. ఆ ఆరింటిలో మొదటి రెండు 2021లో ఐదో ఆట, ఆరో ఆట. అవి బ్రేవ్స్ జెర్సీలో కొట్టినవి.

జవాబు: లెక్కల మాస్టారు

తేదీల విషయంలో సీటు గారి మాట ఒప్పుకుంటున్నాను. అయితే ఓల్సన్‌ను ఆ నాలుగో రోజున తెచ్చుకోకపోతే ఐదో రోజున ఇంకో జట్టు ఎగరేసుకుపోయేది. అప్పుడు ఫ్రీమన్ కూడా కాదంటే ఫస్ట్ బేస్ దగ్గర నిలబెట్టడానికి ఎవరు మిగులుతారు? గడియారం ఇద్దరి మీదా తిరిగింది.

జవాబు: పాత స్కోరు పుస్తకం

ఆలస్యంగా చూశాను. అట్లాంటా అభిమానులు మరచిపోయే ఒక పాత కథ చెబుతాను.

ఒకప్పుడు ఏ ఆటగాడూ ఇలా వెళ్లగలిగేవాడు కాదు. రిజర్వ్ క్లాజ్ అనే నిబంధన వల్ల ఒప్పందం ముగిసినా ఆటగాడు అదే క్లబ్బుకు కట్టుబడి ఉండాలి. క్లబ్బు మాత్రం అతన్ని ఎక్కడికైనా పంపవచ్చు. 1969లో సెయింట్ లూయిస్ తనను ఫిలడెల్ఫియాకు మార్చినప్పుడు కర్ట్ ఫ్లడ్ వెళ్లనని కోర్టుకెక్కాడు, 1972లో సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడాడు. అతని ఆట జీవితం దాంతోనే ముగిసిపోయింది. ఆ సంకెల తెగింది 1975 డిసెంబరులో, పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్ల పక్షాన తీర్పు చెప్పినప్పుడు.

ఆ మెసర్‌స్మిత్ అప్పటిదాకా ఆడింది ఎవరికి? డాడ్జర్స్‌కు. విడుదలయ్యాక 1976లో సంతకం పెట్టింది ఎక్కడ? అట్లాంటాలో. బ్రేవ్స్‌ను కొత్తగా కొన్న టెడ్ టర్నర్ అతనికి పదిహేడో నంబరు ఇచ్చి, వీపు మీద పేరు స్థానంలో "ఛానెల్" అని రాయించాడు. పదిహేడు ఆయన టీవీ ఛానెల్ నంబరు. లీగ్ పెద్దలు దాన్ని ఆపించారనుకోండి. ఇంకా వినండి: 1992 సీజన్‌లో ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచిన గ్రెగ్ మ్యాడక్స్ ఆ డిసెంబరులోనే చికాగోను వదిలి మన దగ్గరికి వచ్చాడు. అప్పుడు చికాగోలో ఎందరు పిల్లలు జెర్సీలు అడుగున పడేశారో మనం అడిగామా? ఆ మాటకొస్తే బ్రేవ్స్ అనే క్లబ్బే బోస్టన్‌ను వదిలి మిల్వాకీకి, దాన్ని వదిలి 1966లో అట్లాంటాకు వచ్చింది.

ఇంత చెప్పినా, ఫ్రీమన్ వెళ్లిన రోజు నేను అన్నం తినలేదు. చరిత్ర తెలిసినంత మాత్రాన ఆకలి వేయదు.

ప్రశ్న అడిగినవారు: ఆల్ఫరెటా నాన్న

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు మావాడికి చదివి వినిపించాను. తెలుగు చదవడం వాడికి ఇంకా కూడబలుక్కునే స్థితిలోనే ఉంది. మాస్టారు గారి పన్ను లెక్క విని పెదవి విరిచాడు. ఓల్సన్ వచ్చిన తేదీ విని మాత్రం "అంటే మనవాళ్లే ముందా?" అని రెండుసార్లు అడిగాడు. వరుసగా ఆరు ఆటల సంగతి వాడికి ముందే తెలుసట. మొదటి రెండూ మనవేనని వాడే నాకు చెప్పబోయాడు.

నిన్న రాత్రి అలమార తెరిచిన చప్పుడైంది. జెర్సీ వాడికి పట్టడం లేదు, భుజాల దగ్గర బిగిసిపోయింది. చెల్లికి ఇవ్వమంటే ఇవ్వనన్నాడు, మడిచి పై అరలో పెట్టుకున్నాడు. డాడ్జర్స్ మే నెలలో ట్రూయిస్ట్ పార్క్‌కు వస్తున్నారు. ఫస్ట్ బేస్ వైపు మూడు సీట్లు ఎంతవుతాయో ఈ పొద్దున వాడే చూసి నాకు పంపాడు. ధర చూసి నాకు కళ్లు తిరిగాయి గానీ, కొన్నాను.