గాలి పంపు మోత, కరెంటు పోతే నేల మీద నీళ్లు: మీరెలా సరిచేసుకున్నారు?

బెజవాడ గప్పీలు
అందరికీ నమస్కారం. మా హాలులో రెండడుగుల చేపల తొట్టి ఒకటి ఉంది. అందులో దాదాపు 55 లీటర్ల నీళ్లు, పదిహేను గప్పీలు, నాలుగు ప్లాటీలు ఉన్నాయి. రెండేళ్లుగా చేపలు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఇబ్బందంతా వాటికి గాలి అందించే పంపుతోనే. దాన్ని తొట్టి కింది అరలో పెట్టాను. రాత్రి ఇల్లు సద్దుమణిగాక దాని మోత గోడ అవతలికి కూడా వినిపిస్తోంది. పక్క గదిలో పడుకునే మా అత్తగారు, గోడలో తుమ్మెద దూరినట్టుందని రోజూ అంటున్నారు.

అంతకన్నా పెద్ద కష్టం గతవారం వచ్చింది. అర్ధరాత్రి కరెంటు పోయింది. తెల్లవారి లేచేసరికి నేలంతా నీళ్లు, తొట్టి సగానికి దిగిపోయింది, పంపు అడుగు నుంచి నీళ్లు ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. స్విచ్‌బోర్డు దానికి జానెడు దూరంలోనే ఉంది. చేపలు బతికాయి గానీ, పిల్లలు తిరిగే ఇల్లు కాబట్టి నాకు ఇప్పటికీ గుండె దడ తగ్గలేదు. ఈ రెంటికీ మీరు ఇంట్లో చేసుకున్న ఏర్పాట్లు వివరంగా చెప్పగలరా?

మూసీ ఒడ్డు
ముందు రెండోదాని గురించి చెబుతాను, అది ప్రాణాపాయం గనుక. పంపు ఆగగానే గొట్టంలో గాలి ఒత్తిడి పడిపోయి, తొట్టిలోని నీళ్లు గొట్టంలోకి ఎగబాకుతాయి. పంపు నీటిమట్టం కన్నా కింద ఉంటే, ఒకసారి తొట్టి అంచు దాటిన నీళ్లు ఇక ఆగవు. డ్రమ్ములోంచి పైపుతో నీళ్లు లాగినట్టే, ఎయిర్ స్టోన్ (గొట్టం చివర బుడగలు వదిలే రంధ్రాల రాయి) ఉన్న లోతు దాకా తొట్టి ఖాళీ అవుతుంది. మీ తొట్టి సగంతో ఆగిందంటే, మీ స్టోన్ అడుగున కాక సగం ఎత్తులో అతికి ఉండి ఉండాలి. అదే మీ చేపలను కాపాడింది.

పంపును ఈరోజే నీటిమట్టం కన్నా పైకి మార్చండి. తొట్టి మీద పడిపోని చోట గోడకు చిన్న చెక్క అర కొట్టించినా చాలు. దానితోపాటు గొట్టం మధ్యలో, నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టండి. చేపల సరంజామా అమ్మే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, ఖరీదు కూడా తక్కువే. బిగించే ముందు నోటితో ఊది చూడండి. ఒకవైపు నుంచి గాలి పోవాలి, రెండోవైపు నుంచి అసలు పోకూడదు. తిరగేసి బిగిస్తే బుడగలే రావు. లోపలి రబ్బరు పాతబడితే అతుక్కుపోతుంది కాబట్టి నేను ఏటా ఉగాదికి కొత్తది మారుస్తాను, అలాగైతే తేదీ మర్చిపోను. పంపు తీగ ప్లగ్గు దగ్గరికి వెళ్లే ముందు ఒకసారి కిందికి వేలాడి, మళ్లీ పైకి పోయేటట్టు ఉంచండి. అప్పుడు తీగ వెంట జారిన నీటిచుక్క నేల మీద పడుతుంది గానీ బోర్డులోకి పోదు.

తిరుపతి టెట్రా
నేను వాల్వ్ లేకుండా, గొట్టాన్ని తొట్టి పైన జానెడు ఎత్తున చుట్టగా కట్టి నాలుగేళ్లు నడిపాను. ఎప్పుడూ నీళ్లు దిగలేదు. అది కూడా సరిపోతుందని నా అనుభవం.

మూసీ ఒడ్డు
తిరుపతి టెట్రా గారూ, మీ మాట కాదనను. చుట్ట ఎత్తుగా ఉంటే నీళ్లు అంచు దాటే అవకాశం తగ్గుతుంది. అయితే ఆ చుట్ట వేసవిలో మెత్తబడి జారినా, ఇల్లు తుడిచేవారి చెయ్యి తగిలి కిందికి వచ్చినా రక్షణ పోయినట్టే. పిల్లలున్న ఇంట్లో దాని మీదే ఆధారపడవద్దని నా మనవి.

ఓరుగల్లు వైండింగ్
మోత గురించి నేను చెప్పగలను. మోటార్ల మరమ్మతు నా వృత్తి. ఈ పంపులో తిరిగే మోటారు ఉండదు. ఒక విద్యుదయస్కాంతం, దాని ముందు అయస్కాంతం అతికించిన చిన్న చెయ్యి, ఆ చేతికి తగిలించిన, గాలిని నెట్టే రబ్బరు పొర (డయాఫ్రమ్), అంతే. మన కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ పోయి వస్తుంది కాబట్టి ఆ చెయ్యి అన్నిసార్లూ ఊగుతుంది. ఆ ఊపే మీకు వినిపించే మోత. పంపు ఒంటరిగా చేసే శబ్దం కొంచెమే. దాన్ని పెద్దది చేసేది కింద ఉన్న బోలు చెక్క అర, వీణకు బుర్ర ఉన్నట్టు. పంపును చేత్తో గాలిలోకి ఎత్తి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అందుకే నాలుగు మడతలు వేసిన పాత తువ్వాలు మీద పెట్టడమో, మేకుకు దారంతో వేలాడదీయడమో చేస్తాం. గొట్టం గానీ తీగ గానీ గోడకు ఆనకుండా చూడండి.

అయినా తగ్గకపోతే ప్లగ్గు తీసి పంపును తిరగేయండి. కింద గుండ్రటి మూతలో చిన్న ఉన్ని ముక్క ఉంటుంది, గాలి దాని గుండానే లోపలికి పోతుంది. మా ఇంటి పంపులో తెల్లగా ఉండవలసిన ఆ ముక్క, ఏడాదికి బూడిద రంగు తిరిగి పాత చాపలా గట్టిపడింది. ఉతికి ఆరబెడితే సరిపోయింది. రబ్బరు కాళ్లు లాగితే మరలు కనిపిస్తాయి. అవి విప్పి డయాఫ్రమ్‌ను వేళ్లతో కొంచెం సాగదీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మామూలుగా చూస్తే ఏమీ కనిపించని రబ్బరులో, అంచు మలుపు దగ్గర వెంట్రుకవాసి చీలిక మెరుస్తుంది. అది కనిపిస్తే డయాఫ్రమ్ మార్చవలసిందే. కొలత తెలియకపోతే పాతదాన్ని జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లండి.

ఇంకొక విషయం. పాత రకం ఇన్వర్టర్లు ఇచ్చే కరెంటు తరంగం నునుపుగా ఉండదు. దాని మీద నడిచేటప్పుడు ఇదే పంపు మరింత గట్టిగా బర్రుమంటుంది. అది పంపు లోపం కాదు.

తిరుపతి టెట్రా
స్టోన్ కూడా చూసుకోండి. బోరు నీళ్లలోని సున్నం స్టోన్ రంధ్రాలను పూడ్చేస్తుంది. గాలి బయటికి పోలేక పంపు మీద భారం పడుతుంది, మోత పెరుగుతుంది, డయాఫ్రమ్ తొందరగా పోతుంది. నేను రెండు నెలలకొకసారి స్టోన్‌ను వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, బాగా కడిగి, ఆరబెట్టి వాడతాను.

విశాఖ గోల్డ్‌ఫిష్
కరెంటు కోత అంటే నాకు 2014 అక్టోబరు 12 గుర్తుకు వస్తుంది. హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడిన ఆదివారం అది. మా వీధికి ఐదు రోజుల దాకా కరెంటు రాలేదు. మూడడుగుల తొట్టిలో ఆరు గోల్డ్‌ఫిష్‌లు ఉండేవి. మొదటి రాత్రే అవి పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని గాలి కోసం తపించడం టార్చిలైటు వెలుగులో చూశాను.

అప్పుడు నేర్చుకున్నదేమిటంటే, ప్రాణవాయువు ప్రధానంగా బుడగల వల్ల కాదు, నీటి పైపొర కదలడం వల్ల నీళ్లలో కలుస్తుంది. బుడగలు చేసే ముఖ్యమైన మేలు అడుగు నీళ్లను పైకి తెచ్చి ఆ పొరను కదపడమే. అందుకని నేనూ మా అమ్మా వంతులు వేసుకుని, స్టీలు చెంబుతో తొట్టిలోని నీళ్లే తీసి మూరెడు ఎత్తు నుంచి తిరిగి పోస్తూ కూర్చున్నాం. పావుగంటకొకసారి ఇరవై చెంబులు. మర్నాడు మూడు చేపలను, తొట్టి నీళ్లతోనే, బట్టలు నానబెట్టే వెడల్పాటి కొత్త టబ్బులోకి మార్చాం. లోతు తక్కువగా, పైభాగం వెడల్పుగా ఉంటే గాలి తగిలే చోటు పెరుగుతుంది. ఐదు రోజులూ మేత వెయ్యలేదు. ఆరోగ్యంగా ఉన్న చేపలు అన్ని రోజులు తిండి లేకుండా ఉండగలవు, కానీ తినని మేత కుళ్లితే ఉన్న ప్రాణవాయువూ పోతుంది.

తుపానులో ఒక్క చేపా పోలేదు. కరెంటు వచ్చిన సంతోషంలో, తొట్టి బయట మూతబిగించి ఉన్న కానిస్టర్ ఫిల్టర్ స్విచ్ వేశాను. ఐదు రోజులు గాలి లేక లోపల కుళ్లిన నల్లటి నీళ్లు ఒక్కసారిగా తొట్టిలోకి వచ్చాయి. సాయంత్రానికి రెండు చేపలు చనిపోయాయి. ఇది చదువుతున్నవారెవరైనా మూతబిగించిన ఫిల్టర్ వాడుతుంటే, కొన్ని గంటలు ఆగిపోయినా సరే, లోపలి నీళ్లు పారబోసి, స్పాంజ్‌ను తొట్టి నీళ్లలో పిండి, ఆ తరువాతే స్విచ్ వేయండి. తొట్టి లోపలే ఉండే స్పాంజ్ ఫిల్టర్‌కు ఈ ప్రమాదం చాలా తక్కువ.

డాలస్ ఆంధ్రుడు
మాకు 2021 ఫిబ్రవరిలో ఇదే పరీక్ష చలి రూపంలో ఎదురైంది. టెక్సస్‌లో చాలాచోట్ల కరెంటు పోయిన ఆ రోజుల్లో డాలస్ ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 19 డిగ్రీల దాకా పడిపోయింది. చల్లటి నీళ్లలో ప్రాణవాయువు ఎక్కువే నిలుస్తుంది కాబట్టి గాలి కన్నా వెచ్చదనమే మాకు సమస్య అయింది. తొట్టి చుట్టూ రజాయిలు చుట్టి, గ్యాసు పొయ్యి మీద కాచిన నీళ్లను సీసాల్లో పోసి, బిగుతుగా మూతలు పెట్టి తొట్టిలో తేలవేశాం. వేసవిలో మీకు దీనికి విలోమం. 25 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పట్టుకుంటే, 32 డిగ్రీల దగ్గర అది 7.3కి పడిపోతుంది. మే నెలలో కరెంటు పోతే డిసెంబరులో ఉన్నంత వ్యవధి మీకు ఉండదు.

నేనిప్పుడు యూఎస్‌బీతో నడిచే చిన్న పంపు, పవర్ బ్యాంకు సిద్ధంగా ఉంచుతున్నాను. కొనేవారు ముందే పరీక్షించుకోండి. ఈ పంపు తీసుకునే కరెంటు మరీ తక్కువ కావడంతో, కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి.

గోదావరి పరిగె
దోమల మందు గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. గదిలో ద్రవం వేడిచేసే దోమల మందు పెట్టినప్పుడు, పంపు ఆ గదిలోని గాలినే పీల్చి నేరుగా నీళ్లలోకి ఊదుతుంది. ఆ మందుల్లో ఉండే పైరెత్రాయిడ్ జాతి రసాయనాలు మనకు పెద్దగా హాని చెయ్యని మోతాదులోనే చేపలకు విషం. తలుపులన్నీ మూసిన పడకగదిలో తొట్టి ఉంచి, ఒక్క రాత్రిలో పదకొండు చేపలను పోగొట్టుకున్నాను. అవి చనిపోయే ముందు గిరగిరా తిరిగిన తీరు మరిచిపోలేను. ఇప్పుడు పంపు వరండాలో ఉంది, గొట్టం కిటికీ చట్రానికి వేసిన రంధ్రం గుండా లోపలికి వస్తుంది. మేము దోమతెర కట్టుకుంటున్నాం. దీనివల్ల గదిలో మోత కూడా పోయింది.

నెల్లూరు హాస్టల్
స్పాంజ్ ఫిల్టర్ మాట వచ్చింది కాబట్టి నేను చేసుకున్నది చెబుతాను. లీటరు నీళ్ల సీసా పైభాగం కోసి, గోడలకు కాల్చిన మేకుతో రంధ్రాలు పెట్టాను. అడుగున శుభ్రంగా కడిగిన గులకరాళ్లు వేసి, మధ్యలో అరంగుళం పీవీసీ గొట్టాన్ని నిలబెట్టి, దాని కింది చివర నాలుగు గాట్లు కోశాను. పంపు నుంచి వచ్చే సన్న గొట్టాన్ని ఆ పీవీసీ గొట్టంలోపల అడుగుదాకా దింపి, చుట్టూ స్పాంజ్ ముక్కలు కూరాను. బుడగలు లేచేటప్పుడు గొట్టంలోని నీళ్లు పైకి వస్తాయి, ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న నీళ్లు స్పాంజ్ గుండా చొరబడతాయి. స్పాంజ్‌లో పెరిగే బ్యాక్టీరియా అమ్మోనియాను విరిచేస్తుంది గనుక దాన్ని కుళాయి నీళ్ల కింద కడగవద్దు. అందులోని క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. నీళ్లు మార్చినప్పుడు తీసిన తొట్టి నీళ్లలోనే పిండాలి.

బెజవాడ గప్పీలు
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిజమే, మా స్టోన్ వెనుక అద్దానికి సగం ఎత్తులోనే అతికి ఉంది. పంపును తొట్టి పైనున్న అరలోకి మార్చి, తువ్వాలు మీద పెట్టాను. విప్పి చూస్తే ఓరుగల్లు గారు చెప్పిన చోటే డయాఫ్రమ్ చీలి ఉంది, కొత్తది వేశాను. వాల్వ్ బిగించాక అద్దం మీద నీటిమట్టం దగ్గర టేపు ముక్క అతికించి, మెయిన్ ఆపి రెండు గంటలు కూర్చున్నాను. మట్టం టేపు దగ్గరే నిలిచింది. రాత్రి మా అత్తగారు పంపు ఆగిపోయిందేమోనని లేచి వచ్చి, బుడగలు చూసి వెళ్లారు. దోమల మందు కూడా హాలులోంచి తీసేశాం.

నెల్లూరు గారూ, మీ సీసా ఫిల్టర్ చేశాను గానీ అది నిలవకుండా పైకి తేలుతోంది. రాళ్లు ఎంత వేశారు?

నెల్లూరు హాస్టల్
సీసాలో మూడో వంతు వేశాను. తేలుతోందంటే స్పాంజ్‌లో ఇంకా గాలి ఉండి ఉంటుంది. దాన్ని నీళ్లలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా పిండి, అప్పుడు కూరండి.