ఇంట్లో రాత్రి ప్రార్థన ఆగిపోయింది, పిల్లలకి తెలుగు బైబిలు చదవడం రాదు. మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారు?

ఒంగోలు_మారతహళ్లి
అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. నేను, మా ఆయన ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు.

మా ఊళ్లో రాత్రి అన్నాలకి ముందు చాప పరిచేవాళ్లు. నాన్న బైబిలు తీసి ఒక అధ్యాయం చదివేవారు. ఒక పాట, ఒక ప్రార్థన, ఆ తర్వాతే కంచాలు. కరెంటు పోయినా, చుట్టాలొచ్చినా, రేపు పరీక్ష ఉన్నా అది ఆగేది కాదు. 1878 జూలై 3న మా వైపు గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మా నాయనమ్మ నిన్నగాక మొన్న జరిగినట్టు చెప్పేది. అంత పాత విశ్వాసం మా ఇంటిది.

పెళ్లయిన కొత్తలో ఇక్కడ కూడా చేసుకునేవాళ్లం. తర్వాత నాకు రాత్రి కాల్స్ మొదలయ్యాయి, తొమ్మిదిన్నర దాటితే గానీ ల్యాప్‌టాప్ మూయలేను. మా ఆయన సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోతుంటారు. రెండేళ్లుగా ఇంట్లో కలిసి ప్రార్థన లేదు. ఆదివారం ఆరాధనకి మాత్రం వెళ్తాం.

మొన్న ఈస్టర్‌కి ఊరెళ్లాం. నాన్న బైబిలు బాబు చేతిలో పెట్టి, "23వ కీర్తన చదువు నాన్నా" అన్నారు. వాడు పేజీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు, బడిలో వాడికి కన్నడ, హిందీ. నాన్న ఏమీ అనలేదు. మెల్లగా బైబిలు వెనక్కి తీసుకుని తనే చదివారు. ఆయన కోప్పడి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మళ్లీ మొదలు పెట్టాలి. ఎలాగో తెలియడం లేదు. తెలుగులో చేయాలా, ఇంగ్లీషులోనా? ఎన్ని గంటలకి? మీ అనుభవాలు చెప్పండి.

కె.ఆర్.పురం_బ్రదర్
సిస్టర్, వందనాలు. మా ఇంట్లో సామెతల గ్రంథం పట్టుకున్నాం. 31 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి ఈరోజు తేదీ ఏదైతే ఆ అధ్యాయం. నిన్న ఎక్కడ ఆపామని వెతుక్కోవడం ఉండదు. అధ్యాయం మొత్తం కూడా చదవం, పిల్లలు తమకి నచ్చిన రెండు వచనాలు ఏరుకుంటారు. ఐదు నిమిషాలు. రాత్రి కుదరక ఉదయం స్కూల్ వ్యాన్ రాకముందు చేస్తున్నాం. బూట్లు వేసుకునే చోటే.

హెచ్.ఎస్.ఆర్_తండ్రి
నా మాట కొంచెం గట్టిగా అనిపిస్తే క్షమించండి. మన పిల్లలు ఆలోచించేది ఇంగ్లీషులో. మేము ఏడేళ్లు తెలుగు మందిరానికి వెళ్లాం. మా పెద్దమ్మాయి ప్రసంగం అంతసేపూ వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునేది. ఒకసారి సండే స్కూల్‌లో అందరి ముందు తెలుగు వచనం చదవమన్నారు. తప్పు చదివితే పిల్లలు నవ్వారు, టీచర్ వాళ్లని ఆపలేదు. ఆ రోజు నుంచి ఆదివారం వస్తే కడుపునొప్పి అనేది. ఇంగ్లీషు ఆరాధనకి మారాం. ఇప్పుడు తనే నోట్సు రాసుకుంటుంది, ఇంటికొచ్చి ప్రశ్నలు అడుగుతుంది, తనంతట తను ప్రార్థన చేస్తుంది. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో ఎవరి భాషలో వాళ్లు విన్నారు కదా. నా కూతురి భాష ఇంగ్లీషైతే దేవుడు ఆ భాషలోనూ మాట్లాడతాడు. మీ నాన్నగారి బాధ నాకు అర్థమవుతుంది, మా నాన్న కూడా ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. కానీ భాష కోసం బిడ్డ విశ్వాసాన్ని పోగొట్టుకోలేను.

ఒంగోలు_మారతహళ్లి
మీ అమ్మాయి విషయం చదివి మనసు కలుక్కుమంది అన్నా. మీరు చేసింది తప్పని నేను అనను.

పెరంబూరు_రిటైర్డ్
అమ్మా, వందనాలు. నాకు 67 ఏళ్లు. రైల్వేలో చేసి రిటైరయ్యాను. పుట్టింది, పెరిగింది, చదివింది అంతా చెన్నైలోనే. మా నాన్నగారు కోచ్ ఫ్యాక్టరీలో పనికని నెల్లూరు జిల్లా నుంచి వచ్చారు. బడిలో నాది తమిళం. ఇప్పుడు ఇలా తెలుగులో రాస్తున్నానంటే దానికి కారణం మా అమ్మ.

అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. వంట అయ్యాక గుమ్మం దగ్గర కూర్చుని నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. బైబిలు తన ఒళ్లో, నా వేలు తన చేతిలో. తను పలికిన అక్షరం మీద నా వేలు పెట్టేది. అలా రోజుకి ఒక్క వచనం. మొదట చదివించింది 117వ కీర్తన, ఎందుకంటే అందులో ఉన్నవి రెండే వచనాలు. అది వచ్చాక, "చూశావా, ఒక కీర్తన మొత్తం చదివేశావు" అంది. ఆరేళ్ల పిల్లాడికి ఆ మాట ఎంత బలమిచ్చిందో చెప్పలేను. మాకు పెద్దబాలశిక్ష లేదు, బైబిలే మా పెద్దబాలశిక్ష. పాత అనువాదంలో ఉండే గ్రాంథికం మొదట అర్థమయ్యేది కాదు. "ఏలయనగా" అంటే ఏమిటని అడిగితే "ఎందుకంటే అని" చెప్పి ముందుకు వెళ్లిపోయేది. పెద్ద వివరణ ఇచ్చేది కాదు.

హెచ్.ఎస్.ఆర్ తమ్ముడికి ఒక మాట. ఆ టీచర్ చేసింది తప్పే. చదవడం రాని బిడ్డని నిలబెట్టి నవ్వించడం సంఘంలో జరగకూడదు. కానీ దాన్నిబట్టి భాషని వదిలేయాలా అన్నది వేరే ప్రశ్న. 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడింది మా ఊళ్లోనే, సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో. తమిళులు, తెలుగువాళ్లు, కన్నడిగులు, మలయాళీలు ఒకే సంఘమయ్యారు. అయినా ఎవరి ఆరాధన వాళ్ల భాషలో ఉండనే ఉంది. మీ అమ్మాయి ఇంగ్లీషులో వాక్యం నేర్చుకోనివ్వండి, సంతోషం. కానీ రేపు మీ అమ్మ మంచాన పడితే, ఆమె పక్కన కూర్చుని ఆ పిల్ల ఏ భాషలో ప్రార్థన చేస్తుంది? మా అమ్మ ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో నర్సులందరితో తమిళంలోనే మాట్లాడింది. ప్రార్థన మాత్రం నన్ను తెలుగులో చేయమంది. ఇంకే భాషలో చేసినా కళ్లు తెరిచి చూసేది.

మారతహళ్లి అమ్మా, నువ్వు గుండ్లకమ్మ అన్నావు కదా. ఆ బాప్తిస్మాలకి ముందు వచ్చిన కరువు రోజుల్లో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మీ వైపు పేదలకి పని ఇచ్చాడు. ఆ కాలువ మా చెన్నై ఊరి మధ్య నుంచే పోతుంది. బేసిన్ బ్రిడ్జి మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. మీ పూర్వీకుల చేతులు తవ్వింది కూడా అందులో ఉండొచ్చు. మీ బాబుకి ఈ కథ చెప్పు. అక్షరాల మీద వాడికే ఆసక్తి పుడుతుంది.

నేను ఇప్పుడు చేస్తున్న పని ఒకటి చెప్తాను. నా మనవరాలు పూణేలో ఉంటుంది. రాత్రి 8 గంటలకి వీడియో కాల్. నేను ఒక వచనం పలుకుతాను, తను తిరిగి పలుకుతుంది. పెద్ద అక్షరాల బైబిలు ఒకటి వాళ్లకి పంపించాను. నాది, తనది ఒకే అచ్చు కాబట్టి, "ఎడమ పేజీ, పై నుంచి మూడో వరుస" అంటే దొరుకుతుంది. మీ నాన్నగారిని అడగండి. ఆయన ఎదురుచూస్తూ ఉంటారు.

బెసంట్‌నగర్_మేరీ
మేము కథోలికులం, విజయవాడ వైపు నుంచి చెన్నై వచ్చాం. మా ఇంట్లో నిలిచింది జపమాల. ఇంట్లో ఐదుగురం, జపమాలలో ఐదు పదులు. ఒక్కొక్కరు ఒక పది నడిపిస్తారు. మా చిన్నోడికి నాలుగేళ్లు, వాడి వంతుకి పది మంగళవార్త జపాలు (మరియమ్మ ప్రార్థన) వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చెప్తాడు. చదవాల్సిన పని లేదు, విని నేర్చుకున్నాడు. అన్ని రోజులూ కుదరదు. అక్టోబరు నెలంతా, వేళాంగణి మాత పండుగకి జెండా ఎక్కే ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 వరకు మాత్రం తప్పనివ్వం. ఏడాదంతా చేయాలని మొదలుపెట్టి ఆగిపోయేకంటే ముందు ఒక నెల గట్టిగా పట్టుకోండి అక్కా.

వైట్‌ఫీల్డ్_కోడలు
నాది వేరే పరిస్థితి. మా అత్తగారివాళ్లు హిందువులు, ప్రేమ వివాహం. నా విశ్వాసానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, కానీ హాల్లో అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయడం కుదరదు. పాపని పడుకోబెట్టేటప్పుడు పక్కన పడుకుని మెల్లగా ప్రార్థన చేస్తాను. ఒక రోజు జ్వరంతో నా గొంతు పోయింది. అత్తయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఈరోజు చెయ్యలేదేం? అది వింటేగానీ పడుకోదు" అన్నారు. ఆవిడ రోజూ వింటున్నారని అప్పటిదాకా నాకు తెలియదు. ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు. మంచం మీద కూడా జరుగుతుంది సిస్టర్.

హెచ్.ఎస్.ఆర్_తండ్రి
పెద్దాయనగారూ, మీ అమ్మగారి సంగతి చదివి చాలాసేపు ఆగిపోయాను. మందిరం మార్చను. కానీ మా అమ్మకి పాప తెలుగులో ప్రార్థన చేయడం ఒక్కసారైనా వినిపించాలి. అది నేర్పిస్తాను.

ఒంగోలు_మారతహళ్లి (మూడు వారాల తర్వాత)
అందరికీ కృతజ్ఞతలు. ఏం జరిగిందో చెప్తాను.

రాత్రి సమయం మాకు కుదరదని ఒప్పుకున్నాను. సాయంత్రం 7 గంటలకి పదిహేను నిమిషాలు క్యాలెండర్‌లో బ్లాక్ చేశాను. మేనేజర్‌కి దాచకుండా కుటుంబ ప్రార్థన అనే చెప్పాను, సరే అన్నారు. మా ఆయన ఆ టైముకి బస్సులో ఉంటే ఫోన్లో వింటారు. రెండు రోజులు తప్పింది, మూడో రోజు మళ్లీ కూర్చున్నాం.

నాన్నకి ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఏ కీర్తన?" అన్నారు. 23వ కీర్తనలో ఆరు వచనాలు కాబట్టి మూడు నాలుగు రోజులకొకటి. ఎం.జి. రోడ్డులో బైబిల్ సొసైటీకి వెళ్లి పెద్ద అక్షరాల తెలుగు బైబిలు తెచ్చాం. మొదటి రోజే బాబు "లేమి అంటే ఏంటి తాతయ్యా?" అన్నాడు. నాన్న చెప్పారు, ఆయన చిన్నప్పుడు ఇంట్లో బియ్యం లేని రోజు వాళ్లమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టి ఈ కీర్తన చెప్పుకుంటూ కూర్చుందట, చీకటి పడ్డాక పక్కింటివాళ్లు ఒక శేరు నూకలు తెచ్చి ఇచ్చారట. ఈ సంగతి నాకే తెలియదు. ఇన్నేళ్లలో నేను ఆ మాటకి అర్థం అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు.

నిన్న నాలుగో వచనానికి వచ్చాం. "గాఢాంధకారపు" దగ్గర వాడు ఆగిపోయాడు. నేను అందించబోయాను. నాన్న ఫోన్లోంచి "నువ్వు ఉండమ్మా" అన్నారు. "ముందు గా పలుకు. ఇప్పుడు ఢా, ఢకి ఒత్తు ఉంది చూడు" అంటూ అక్షరం అక్షరం చెప్పించారు. నాలుగుసార్లు తప్పాడు, ఐదోసారి మొత్తం పలికాడు. పాప చప్పట్లు కొట్టింది. నాన్న అమ్మని పిలిచి, "వాడు మళ్లీ చదువుతాడు, ఇలా వచ్చి కూర్చో" అన్నారు.