సంక్రాంతికి ముందు ఇంటి మరమ్మతులు: ఏ పని ముందు?

ప్రశ్న:
కోనసీమలో మా నాన్నగారు కట్టించిన డాబా ఇంటికి సంక్రాంతిలోపు మరమ్మతులు చేయించి, రంగులు వేయించాలనుకుంటున్నాము. స్లాబు కారుతోంది, వంటగది గోడ అడుగున సిమెంటు పూత పొరలుగా ఊడిపోతోంది. అక్టోబరులో మొదలుపెడితే సరిపోతుందా?

సమాధానం 1:
సరిపోతుందండీ, కానీ రంగులు చివరికి ఉంచండి. కొత్త పూతను వారం రోజులు తడిపి, మొత్తం మీద 28 రోజులు గడిచి గోడ బాగా ఆరాకే పుట్టీ, ప్రైమరు వేయించాలి. తడి గోడకు రంగు వేయిస్తే భోగి నాటికే పొక్కులు లేస్తాయి.

సమాధానం 2:
అక్టోబరు వరకు ఆగవద్దని నా అభిప్రాయం. కోస్తాలో అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం కనుక, అంతకు ముందే వాన తెరిపిచ్చిన రోజులు చూసుకొని స్లాబు పగుళ్లు పూడ్పించి, ఆ పూత గట్టిపడ్డాక డాబా మీద నీళ్లు నిలగట్టి, కింద చెమ్మ దిగుతుందేమో పరీక్షించండి. గోడ అడుగున ఊడుతోందంటే నేలలోని చెమ్మ పైకి ఎక్కుతూ ఉండవచ్చు. దాన్ని ఆపకుండా పూత మార్చడం డబ్బు దండగ.

సమాధానం 3:
ధనుర్మాసంలో గృహప్రవేశాలు పెట్టుకోరు గానీ, మరమ్మతులకు మా వైపు ఎవరూ అభ్యంతరం చెప్పరు. అయితే రంగుల పనివారు కూడా పండుగకు సొంత ఊళ్లకు వెళ్లిపోతారు కాబట్టి, జనవరి మొదటి వారంలోనే పని ముగిసేలా మేస్త్రీ దగ్గర మాట తీసుకొని, చివరి విడత డబ్బు అప్పటివరకు మీ దగ్గరే ఉంచుకోండి.